ఫ్రెంచి పల్లెలో అటకల సంత, ఊరి బంతి భోజనం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. భార్యాభర్తలిద్దరూ తులూజ్‌లో ఉద్యోగం చేస్తూ, మూడు నెలల కిందట తార్న్ జిల్లాలోని ఒక చిన్న పల్లెకు మారారు. కొన్ని ఆదివారాల్లో మీ వీధంతా పాత సామాన్లు పరుస్తున్నారు. మధ్యాహ్నం గుడారం కింద పొడవాటి బల్లలు వేసుకొని ఊరంతా కలిసి తింటున్నారు. మీరు రెండుసార్లు అక్కడికి వెళ్లి, కాసేపు చూసి తిరిగి వచ్చేశారు. పిలవకుండా కూర్చోవచ్చా, బేరం ఆడవచ్చా, ఏం కొనాలి, మాంసం చేపలు ముట్టని మీ ఆవిడకు అక్కడ తినడానికి ఏమైనా ఉంటుందా, మీ కొద్దిపాటి ఫ్రెంచి సరిపోతుందా అని అడిగారు. నేను ఇదే జిల్లాలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. తొమ్మిదేళ్లుగా మా ఊరి ఉత్సవ సంఘంలో సభ్యురాలిని. అందుకే కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మీరు చూసిన సంతను ఇక్కడ వీద్-గ్రెనియే అంటారు. గ్రెనియే అంటే ధాన్యం దాచే అటక, వీద్ అంటే ఖాళీ చేయడం. పేరుకు తగ్గట్టే ఊరివాళ్లు అటక మీది సామాను దించి ఇంటి ముందు పెట్టుకుంటారు. ఇంకో మాట కూడా వింటారు, బ్రొకాంత్ అని. అది ఎక్కువగా పాత వస్తువుల వ్యాపారులు నడిపేది. అక్కడ ధరలు వేరు, బేరం తీరు వేరు. గోడపత్రిక మీద రెండు మాటలూ కలిపి ఉంటే ఇద్దరూ వస్తారని అర్థం. లీల్ నగరంలో సెప్టెంబరు మొదటి వారాంతంలో జరిగే బ్రాదరీ అనే వీధి సంత, ప్రొవాన్స్‌లో లీల్-సుర్-లా-సోర్గ్ ఊరి పురాతన వస్తువుల దుకాణాలు, పారిస్ అంచున 1885 నుంచి సాగుతున్న సెయింట్-ఉవాఁ సంత చాలా పేరున్నవి. వాటికి ఎప్పుడైనా వెళ్లవచ్చు. మీరు అడిగిన ఆనందం మాత్రం మీ ఊరి వీధిలోనే ఉంది.

మీరు గమనించి ఉండరు గానీ, సంతకూ విందుకూ విడదీయలేని సంబంధం ఉంది. ఒకదాని డబ్బుతో మరొకటి నడుస్తుంది. సంతలో స్థలం తీసుకునేవాళ్లు మీటరుకు రెండో మూడో యూరోలు కడతారు. ఆ పక్కనే బువెత్ ఉంటుంది. కాఫీ, బీరు, వేయించిన బంగాళదుంపలు, సాసేజి పెట్టిన రొట్టె అమ్మే బల్ల అది. మద్యం పోయడానికి సంఘం ప్రతిసారీ మేయరు అనుమతి తీసుకోవాలి. అలాంటి అనుమతి సాధారణ సంఘానికి ఏడాదికి ఐదుసార్లు మాత్రమే దొరుకుతుంది. ఈ రెండింటి మీద వచ్చిన సొమ్ముతోనే ఆగస్టు ఉత్సవంలో వాయిద్య బృందానికి, గుడారానికి, బీమాకు, పాటల హక్కుల సంస్థ సాసెమ్‌కు చెల్లిస్తాం. నడిపేది కొమితే దే ఫెత్, అంటే ఊరి ఉత్సవ సంఘం. 1901 జూలై 1 నాటి చట్టం కింద నమోదైన సంఘం. జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ ఉండరు. పొద్దున ఐదింటికి సుద్దముక్కతో రోడ్డు మీద గీతలు గీసిన ఆయనే మధ్యాహ్నం మీ పళ్లెంలో బంగాళదుంపలు వడ్డిస్తాడు, రాత్రి బల్లలు మడిచి పెడతాడు.

ఫ్రాన్సులో 35,000కు కాస్త తక్కువగా కమ్యూన్లు, అంటే మన పంచాయతీల్లాంటి ఊరి పాలనా విభాగాలు ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఊళ్లలో 500 మంది కూడా లేరు. అంత చిన్న ఊళ్లో చాలా చోట్ల దుకాణం ఉండదు, కాఫీ హోటలు ఎప్పుడో మూతపడి ఉంటుంది. బడి ఉంటే అదృష్టం. పొరుగువాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి మిగిలిన సందర్భాలు ఈ సంతలు, ఈ విందులే. కాబట్టి మీరు వెళితే ఎవరి ఇంట్లోకో చొరబడినట్లు అనుకోకండి. ఆ బల్ల దగ్గర ఊళ్లో ఉంటున్న ప్రతి ఒక్కరికీ చోటుంది. కాకపోతే చోటు ముందుగా చెప్పుకోవాలి. మీరు రెండుసార్లు వెనక్కి వచ్చేయడానికి కారణం బహుశా ఇదే. మీకు తెలియని ఆ చిన్న పద్ధతి ఏమిటంటే, మెరీ, అంటే మన పంచాయతీ కార్యాలయం లాంటిది, దాని బయట అద్దాల పెట్టెలో గోడపత్రిక పెడతారు. రొట్టెల దుకాణంలో కూడా అతికిస్తారు. అందులో భోజనం ధర, ఫలానా తేదీలోపు పేరు చెప్పాలన్న మాట, ఒక ఫోను నంబరు ఉంటాయి. మా వైపు ధర మనిషికి పదిహేను నుంచి ఇరవై ఐదు యూరోల దాకా ఉంటుంది, చాలాసార్లు వైను, కాఫీ అందులోనే కలిసి ఉంటాయి. మాంసం ఎంత తేవాలో కసాయి దుకాణానికి ముందే చెప్పాలి కాబట్టి ఆ తేదీని గట్టిగా పాటిస్తారు. ఆ రోజు నేరుగా వచ్చినవాళ్లకు చోటు లేదనడం కోపంతో కాదు, పళ్లేలు లెక్క పెట్టుకొని ఉండటం వల్ల.

గోడపత్రికలో చిన్న అక్షరాల్లో ఇంకొక మాట ఉంటే వదలకండి: మీ పళ్లెం, చెంచా, కత్తి, గ్లాసు మీరే తెచ్చుకోండి అని. మొదటి ఏడాది మేము అది చదవక ఉత్త చేతులతో వెళ్లాం. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఏమీ అనకుండా లేచి ఇంటికి వెళ్లి, రెండు పళ్లేలు, రెండు మడత కత్తులు తెచ్చి మా ముందు పెట్టింది. ఆ కత్తులు ఒపినెల్ కత్తులు, చెక్క పిడివి. భోజనం అయ్యాక వాటిని కడిగి తిరిగి ఇవ్వడానికి మరునాడు ఆమె ఇంటికి వెళ్లాను. అలా వెళ్లడంతోనే ఈ ఊళ్లో నా జీవితం మొదలైంది. ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్లు వస్తారేమోనని మా బుట్టలో రెండు పళ్లేలు ఎక్కువ పెట్టుకొని వెళుతుంటాను.

ఇక సంత సంగతి. తెల్లవారుజామున ఐదారు గంటలకే టార్చిలైట్లు పట్టుకొని వ్యాపారులు తిరుగుతారు. పెట్టెలు విప్పకముందే మంచి వస్తువులు వాళ్ల చేతుల్లోకి పోతాయి. మీకు అంత తొందర అక్కరలేదు. ఎనిమిదింటికి వెళ్లండి. సాయంత్రం నాలుగు తరువాత మరోసారి వెళ్లండి. అప్పటికి అమ్మేవాళ్లకు అటక మీదికి మళ్లీ మోయడం కన్నా ఇచ్చేయడమే మేలనిపిస్తుంది. చిల్లర తీసుకెళ్లండి. యాభై యూరోల నోటు చూపిస్తే పొద్దున్నే ఎవరి దగ్గరా తిరిగి ఇవ్వడానికి ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నోరు తెరిచే మొదటి క్షణం. మన ఊళ్లలో కొట్టు దగ్గరికి వెళ్లి "ఇది ఎంత?" అని నేరుగా అడిగితే తప్పు లేదు. ఇక్కడ అది తప్పే. నేను మొదటిసారి ఒక కాఫీ మర చేతికి తీసుకొని ధర అడిగాను. ఆవిడ నా కళ్లలోకి చూసి "బోఁజూర్ మదామ్" అని ఆగింది. ధర చెప్పలేదు. నేను నమస్కారం చెప్పేదాకా అలాగే నిలబడింది. చెప్పిన వెంటనే ముఖం విప్పారింది, ధర చెప్పింది, ఆ మర వాళ్ల అమ్మమ్మదని కూడా చెప్పింది. మీ ఫ్రెంచి సరిపోతుందా అని అడిగారు కదా, నమస్కారానికి బోఁజూర్, ధన్యవాదాలకు మెర్సీ, వెళ్లేటప్పుడు మీ రోజు బాగుండాలని బోన్ జూర్నే, ఈ మూడూ ప్రతిసారీ పలికితే చాలావరకు సరిపోతుంది. తక్కినది వేళ్లతో లెక్క చూపించి కూడా నడిపించవచ్చు.

బేరం ఆడవచ్చు, మెత్తగా. పది యూరోలు చెబితే ఎనిమిదికి వస్తుందా అని అడగడం మర్యాదే. సగానికి అడిగితే మాత్రం ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు, ఎందుకంటే చాలాసార్లు అది వాళ్ల అమ్మ వంటింట్లోని వస్తువు. యూరో, రెండు యూరోల వస్తువుకు బేరం ఆడకండి. రెండు మూడు కలిపి తీసుకుంటూ మొత్తానికి ఎంత ఇమ్మంటారని అడిగితే వాళ్లే తగ్గిస్తారు. పన్నెండు నుంచి రెండింటి మధ్య అసలు బేరమే పెట్టకండి. ఆ సమయంలో అమ్మేవాళ్లు సామాన్ల వెనుక చిన్న బల్ల విప్పి, గుడ్డ పరిచి, కుటుంబంతో కూర్చొని తింటుంటారు. బోనాపెతీ, అంటే కమ్మగా తినండి అని చెప్పి ముందుకు నడవండి. నాకు సంతలో ఎక్కువ ఇష్టమైన దృశ్యం అదే: అమ్మకానికి పెట్టిన కుర్చీల్లోనే కూర్చొని, అమ్మకానికి పెట్టిన గ్లాసుల్లోనే పోసుకొని తాగుతుంటారు.

ఏం కొనాలన్న దానికి నా ఇష్టాలు చెబుతాను. మొదటిది పాత దుప్పట్లు. నార బట్ట లేదా నార, నూలు కలిపి నేసిన మేతీస్ బట్ట. మూలన ఎర్ర దారంతో రెండు అక్షరాలు కుట్టి ఉంటాయి. ఆడపిల్ల పెళ్లికి ముందే తన సారెను తానే కుట్టుకునేది, ఆ అక్షరాలు ఆ ఇంటి గుర్తులు. కొన్ని దుప్పట్లను ఒక్కసారి కూడా వాడకుండా బీరువాలో దాచారు. ఎండకు ఎత్తి చూస్తే పలచబడ్డ చోట్లు తెలుస్తాయి. మడత గీత వెంబడి వేళ్లతో తడమండి, బట్ట ముందుగా చిరిగేది అక్కడే. మంచి నార దుప్పటితో మా వేసవిలో దొరికే సుఖం ఇంతా అంతా కాదు. నేను రెండింటిని కత్తిరించి కిటికీ తెరలు కుట్టుకున్నాను, ఒక దాన్ని మాత్రం ఆ అక్షరాల కోసమే అలాగే ఉంచాను.

రెండోది రాగి గిన్నెలు. మన తార్న్‌లోనే దుర్ఫోర్ అనే ఊరు రాగి పనికి పేరుపొందింది, అక్కడి గిన్నెలు ఈ చుట్టుపక్కల సంతల్లో కనబడుతూనే ఉంటాయి. ఇక్కడ మన తెలుగు వంటిళ్ల అనుభవం పనికొస్తుంది. లోపల కళాయి పూత ఉందో పోయిందో చూడండి. నేను తొలి రోజుల్లో ఒక అందమైన గిన్నె కొని ఇంటికి వచ్చాక లోపల ఎర్రగా రాగి బయటపడి ఉందని గమనించాను. అమ్మినాయన తప్పేమీ లేదు, నేను వెలుతురులో చూడలేదు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు కాదు కదా, టమాటా కూడా ఉడికించకూడదని మీకు తెలుసు. ఇక్కడ కూడా కళాయి పోసేవాళ్లు ఉన్నారు, కానీ ఆ ఖర్చు గిన్నె ధరను మించిపోవచ్చు. జామ్ కాచే వెడల్పాటి రాగి బాణలికి మాత్రం లోపల పూత ఉండదు. దాని పద్ధతే అంత, అది చక్కెర పాకానికి. అందులో మైసూర్‌పాక్ చేసి చూడండి.

కాఫీ మర గురించి కూడా చెప్పాలి. ఫిల్టరు కాఫీ తాగే ఇల్లయితే పాత ప్యూజో మర వెతకండి. కార్ల కంపెనీయే, 1840 నుంచి కాఫీ మరలు చేసింది. పిడి తిప్పి చూడండి, పళ్లు అరగకుండా ఉంటే మీ తరువాతి తరానికి కూడా పనిచేస్తుంది. పింగాణీ పళ్లేల వెనుక ముద్ర చూడండి. జియాఁ, సార్‌గమీన్, లూనెవిల్ అని ఉంటాయి, మా దక్షిణానివైతే మార్త్ర్-తొలోజాన్ పనితనం. పళ్లెం అంచును వేలితో తట్టి వినండి, పగులుంటే గంటలా మోగదు. పిల్లలు ఉంటే దురాలెక్స్ గాజు గ్లాసులు ఒక అరడజను తీసుకోండి. గ్లాసు అడుగున ఒక అంకె ఉంటుంది. అది ఆ గ్లాసును పోసిన అచ్చు సంఖ్య. ఫ్రెంచి బడి భోజనశాలల్లో పిల్లలు ఆ అంకెను తమ వయసుగా చదువుకునే ఆట ఆడేవారు. విందులో ఆ గ్లాసులు పెడితే డెబ్బై ఏళ్ల పెద్దమనిషి కూడా తిప్పి చూసి "నాకు నాలుగేళ్లు" అంటాడు. మీరు కూడా తిప్పి మీ అంకె చెప్పండి. భాష రాకపోయినా సంభాషణ మొదలవుతుంది.

మీరే అమ్మాలనుకుంటే నియమాలు సులభం. వ్యాపారులు కానివాళ్లు ఏడాదిలో రెండు సంతల్లో మాత్రమే అమ్మవచ్చు, అది కూడా తాము వాడిన సొంత వస్తువులే. గుర్తింపు పత్రం చూపించి, ఆ మేరకు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. మా సంఘం ఆ వివరాలన్నీ ఒక రిజిస్టరులో రాసి, సంత ముగిసిన ఎనిమిది రోజుల్లోపు ప్రభుత్వ కార్యాలయానికి అప్పగిస్తుంది. దొంగ సరుకు చేతులు మారకుండా ఈ ఏర్పాటు. భారతదేశం నుంచి కొత్త చీరలు, నగలు తెప్పించి అక్కడ అమ్మే ఆలోచన ఉంటే దయచేసి వద్దు. అది సంఘం మెడకు చుట్టుకుంటుంది. ఒక్కసారి స్థలం తీసుకొని పాత పుస్తకాలు, బొమ్మలు పెట్టుకొని కూర్చోండి. అమ్ముడుపోయినా పోకపోయినా రోజంతా ఊరు మీ దగ్గరికి నడిచి వస్తుంది. పక్క స్థలం వాళ్లతో పరిచయం ఎలాగూ అవుతుంది, ఎందుకంటే మీరు లేచి వెళ్లినప్పుడు మీ సామాను చూసేది వాళ్లే.

విందు విషయానికి వస్తే, మీ ఆవిడ గురించి అడిగిన దానికి సూటిగా చెబుతాను. నైరుతి ఫ్రాన్సు మాంసం మీద నడిచే ప్రాంతం. నిప్పుల మీద తిప్పి కాల్చే గొర్రె, దాన్ని మెషుయి అంటారు, లేదా దూడ మాంసం, బాతు, తెల్ల చిక్కుడు గింజలను మాంసంతో కలిపి ఉడికించే కాసులే. దూడ మాంసం అంటే గోమాంసమే, పేరు వేరుగా ఉన్నందువల్ల పొరపడకండి. మేము ఆ మాంసం తినము కాబట్టి నేను ప్రతిసారీ ముందే చెబుతాను. శాకాహారులం అని ఊరికే చెబితే కూడా సలాడులో పంది మాంసం ముక్కలు పడవచ్చు, ఎందుకంటే కొందరు పెద్దవాళ్ల లెక్కలో అది మాంసం కిందికి రాదు, రుచి కోసం వేసేది. అందుకే "మాంసం తినను, చేప తినను, పంది మాంసం ముక్కలు కూడా వద్దు" అని విడివిడిగా చెప్పాలి. ఫోనులో పేరు నమోదు చేసేటప్పుడే చెప్పాలి, బల్ల దగ్గర కాదు. బంగాళదుంపలను మా వైపు బాతు కొవ్వులో వేయిస్తారు, అది కూడా అడగండి. జున్నుల్లో చాలావాటికి దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు. మీ ఆవిడకు అది పట్టింపైతే ముందే తెలుసుకోవడం మేలు. ముందే చెప్పినప్పుడు మా సంఘంలో ఎవరూ విసుక్కోవడం నేను చూడలేదు. పెద్ద గుడ్ల అట్టు వేసి పెట్టారు, తోట టమాటాలు కోసి పెట్టారు. గుడ్డు కూడా తినకపోతే ఆ మాటా చెప్పండి.

తేలికగా మొదలుపెట్టాలంటే ఆలిగో విందుకు వెళ్లండి. ఉడికించి మెదిపిన బంగాళదుంపల్లో పచ్చి జున్ను, వెన్న వేసి పెద్ద గంగాళంలో చెక్క గరిటెతో తిప్పుతూ, తీగలా సాగేదాకా ఎత్తి ఎత్తి కలుపుతారు. ఒబ్రాక్ కొండల వంటకం ఇది. పక్కన సాసేజి పెడతారు, మీ ఆవిడ దాన్ని వద్దంటే సరి. వేసవి రాత్రులు జరిగే మార్షే గూర్మాఁ కూడా మీకు అనువైనవి. రైతులు తమ తమ బల్లల మీద వండి అమ్ముతారు, నచ్చింది కొనుక్కొని మధ్యలో వేసిన ఉమ్మడి బల్లల దగ్గర కూర్చొని తినడమే. పేరు నమోదు అక్కరలేదు. వేటగాళ్ల సంఘం పెట్టే విందుకు మాత్రం మీ ఆవిడను తీసుకెళ్లకండి, మొదటి నుంచి చివరిదాకా అడవి పందే. ఆగస్టు మొదటి శుక్రవారం లోత్రెక్ ఊళ్లో గులాబీ వెల్లుల్లి పండుగ జరుగుతుంది, వెల్లుల్లి సూపు పంచుతారు. ఈస్టరు మరునాడు సోమవారం తులూజ్‌కు దగ్గరలోని బెస్సియేర్‌లో 15,000 గుడ్లతో అట్టు వేసి వచ్చినవారందరికీ పెడతారు. నా మటుకు నాకు చిన్న ఊరి భోజనమే ఇష్టం, కానీ మొహమాటపడే కొత్తవాళ్లకు పెద్ద గుంపులో కలిసిపోవడం సులువు.

ఎన్ని గంటలు పడుతుందో ముందే మనసులో అనుకోండి. పన్నెండింటికి అపెరో మొదలవుతుంది. నిలబడి తాగుతూ మాట్లాడుకోవడం అన్నమాట. ఒంటిగంట దాటాక కూర్చుంటారు. పుచ్చకాయ జాతి మెలోన్ ముక్కలో సూపో ముందు, తరువాత ప్రధాన వంటకం, ఆకు సలాడు, జున్ను, ఆ తరువాతే తీపి, కాఫీ. సాయంత్రం ఐదు అవుతుంది. అందరికీ వడ్డించేదాకా ఎవరూ తినరు, ఈ పద్ధతి మన బంతి భోజనాలకు అలవాటుపడిన వాళ్లకు కొత్తేమీ కాదు. మధ్యలో లేచి వెళ్లిపోవడం బాగుండదు. మీరు వైను తాగకపోతే గ్లాసు మీద చేయి పెట్టి మెర్సీ అనండి, రెండోసారి అడగరు. సూపు చివర్లో కొందరు పెద్దలు గిన్నెలో ఎర్ర వైను పోసి, తిప్పి, గిన్నె ఎత్తి తాగేస్తారు. దాన్ని షాబ్రో అంటారు, ఈ నైరుతి పల్లెల పాత అలవాటు. చూసి ఆశ్చర్యపోకండి. నేర్పిస్తామంటే నేర్చుకోండి.

కలిసి తినడానికి ఈ దేశం ఇచ్చే విలువ చిన్నది కాదు. 1900 సెప్టెంబరు 22న అధ్యక్షుడు ఎమిల్ లూబె పారిస్‌లోని త్విలరీ తోటలో దేశంలోని మేయర్లందరినీ భోజనానికి పిలిస్తే 20,000 మందికి పైగా వచ్చి ఒకేసారి బల్లల ముందు కూర్చున్నారు. ఆ బల్లల వరుసలు ఎంత పొడవంటే వడ్డన చూసుకునేవాళ్లు సైకిళ్ల మీద తిరిగారు. 2010లో ఫ్రెంచివారి భోజన సంప్రదాయాన్ని యునెస్కో మానవజాతి వారసత్వాల్లో చేర్చింది. ఆ గుర్తింపు పెద్ద హోటళ్ల వంటలకు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది నిజానికి పుట్టినరోజుకో పెళ్లికో అందరూ కూర్చొని వరుసగా తినే పద్ధతికి వచ్చింది.

బల్ల దగ్గర మిమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న: ఎక్కడి నుంచి వచ్చారు? భారతదేశం అంటే చాలదు, ఏ భాష అంటారు. తెలుగు అని చెప్పి, యానాంలో మాట్లాడే భాష అని కలపండి. ఫ్రెంచిలో యానాఓఁ అంటారు. 1954 వరకు యానాం వాళ్ల పాలనలో ఉంది. వయసు మళ్లినవాళ్లు చిన్నప్పుడు బడిలో భారతదేశంలోని ఐదు ఫ్రెంచి స్థావరాల పేర్లు వల్లె వేశారు: పాండిచ్చేరి, కారైకాల్, యానాం, మాహే, చందర్‌నగర్. మా బల్ల దగ్గర ఎనభై దాటిన ఒక రైతు ఆ ఐదూ తడుముకోకుండా చెప్పి, "ఆ పేరున్న చోటు నిజంగా ఉందన్నమాట, అక్కడి మాట ఇలా ఉంటుందన్నమాట" అని నా చేత నాలుగు తెలుగు వాక్యాలు చెప్పించుకొని విన్నాడు. బడిలో కంఠస్థం చేసిన ఒక శబ్దానికి డెబ్బై ఏళ్ల తరువాత ఆయనకు మనిషి కనబడింది. ఆ మధ్యాహ్నాన్ని నేను మరచిపోలేను.

ఇంకొక రకం విందు ఉంది, ఎవరి వంట వాళ్లు తెచ్చి అందరి ముందు పెట్టేది. మే నెల చివరి శుక్రవారం ప్రాంతంలో ఫెత్ దే వ్వాజాఁ, ఇరుగుపొరుగు పండుగ పేరుతో జరుగుతుంది. 1999లో పారిస్ 17వ వార్డులో మొదలైన ఆలోచన దేశమంతా పాకింది. అక్కడికి ఏం తీసుకెళ్లాలని మీరు తప్పకుండా ఆలోచిస్తారు. పులిహోర తీసుకెళ్లండి. ఇక్కడివాళ్లు వేసవిలో చల్లటి అన్నంతో సలాడు చేసుకుంటారు, కాబట్టి వేడిగా లేని అన్నం వాళ్లకు వింత కాదు. ఎండుమిర్చి తగ్గించండి, పచ్చిమిర్చి ముక్కలు తీసేయండి. వేరుశనగలు వేశారని ఒక చీటీ రాసి పక్కన పెట్టండి, కొందరికి పడవు. అపెరో సమయానికి ఉల్లి పకోడీ, చిన్న గారెలు ఉంటే పళ్లెం ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఘుమఘుమలాడే కూరలు, పులుసులు మొదటిసారే తీసుకెళ్లకండి. కాగితపు పళ్లెంలో నిలబడి తినేవాళ్లకు అవి కుదరవు.

ఇదంతా పద్ధతుల సంగతి. మీరు అడగని దాని మీద నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది, అది కూడా చెప్పనివ్వండి. డబ్బు కట్టి వచ్చి, తిని, మర్యాదగా వెళ్లిపోతే మీకు మంచి మధ్యాహ్నం దొరుకుతుంది. అంతకన్నా ఎక్కువ కావాలంటే బల్లలు మోయాలి. విందుకు ముందు రోజు సాయంత్రం సాల్ దే ఫెత్, అంటే ఊరి సమావేశశాల, దాని తలుపులు తెరిచి ఉంటాయి. బెంచీలు బయటికి తెస్తుంటారు, బల్లల మీద చుట్ట కాగితం పరిచి అంటిస్తుంటారు, ఆడవాళ్లు మగవాళ్లు కలిసి దుంపలు చెక్కు తీస్తుంటారు. లోపలికి వెళ్లి బోఁజూర్ చెప్పి, ఒక బెంచీకి రెండో చివర పట్టుకోండి. ఎవరూ మిమ్మల్ని ప్రశ్నించరు. బెంచీ ఎత్తడానికి ఇద్దరు కావాలి, అంతే. నాకు ఫ్రెంచి వచ్చింది తరగతి గదిలో కాదు, ఆ దుంపల గంగాళం చుట్టూ. చేతులు పనిలో ఉంటే తప్పు మాట్లాడినా సిగ్గు వేయదు, ఎదుటివాళ్లు కూడా మీ ముఖం చూడకుండా ఓపికగా వింటారు.

ఇంకో కారణం కూడా ఉంది. మా సంఘంలో ఇప్పుడున్న పదకొండు మందిలో ఏడుగురు అరవై ఐదు దాటినవాళ్లు. బరువులు మోసే చేతులు ఏటేటా తగ్గుతున్నాయి. పక్క ఊళ్లో సంఘం నడిపేవాళ్లు లేక రెండేళ్ల కిందట సంత ఆగిపోయింది, దాని వెనుకే ఆగస్టు విందు కూడా. బయటినుంచి చూసేవాళ్లకు ఇదంతా ఎప్పటినుంచో ఉన్న, ఎప్పటికీ ఉండే దృశ్యంలా కనబడుతుంది. లోపల ఉన్న మాకు అది వచ్చే ఏడాది ఎవరు తాళాలు తీసుకుంటారనే ప్రశ్న. మీలాంటి ముప్పై ఏళ్ల జంట వచ్చి బెంచీ పట్టుకుంటే ఆ శాలలో ఎంత సంతోషపడతారో మీకు తెలియదు. ఆ సంతోషాన్ని పైకి ఎక్కువగా చూపించరు, ఒక గ్లాసు మీ ముందుకు జరుపుతారు.

కాబట్టి ఈ వారంలో చేయాల్సింది ఇది. మెరీ ముందున్న అద్దాల పెట్టె చూడండి. చిన్న ఊళ్లలో మెరీ వారానికి రెండు మూడు పూటలే తెరుస్తారు, వేళలు తలుపు మీద రాసి ఉంటాయి. లోపల గుమస్తాతో కొత్తగా వచ్చామని, పేరు నమోదు ఎక్కడ చేసుకోవాలో చెప్పమని అడగండి. ఉత్సవ సంఘం అధ్యక్షుల ఫోను నంబరు ఆ గుమస్తా దగ్గర ఉంటుంది. మాట్లాడేటప్పుడు మీ ఆవిడ ఏమేం తినరో చెప్పండి, బల్లలు ఎప్పుడు వేస్తున్నారో కూడా అడగండి. పళ్లేలు నాలుగు పట్టుకెళ్లండి.